స్టేజి మీదికి దెయ్యాన్ని ఎలా తీసుకురావాలి?

దెయ్యం కనబడగానే హాల్లో ఒక్కరు కిసుక్కున నవ్వినా చాలు, ఆ రాత్రికి మీ దెయ్యం చచ్చినట్టే. ఆ తర్వాత ఎంత పొగ వదిలినా, ఎన్ని కేకలు పెట్టించినా అది మళ్లీ లేవదు. అలాంటి నవ్వులు నేను చాలా విన్నాను. మొదట్లో కొన్ని నా నాటకాల్లోనే విన్నాను. ప్రతిసారీ జరిగేది ఒకటే. తెల్లబట్టలు, విరబోసుకున్న జుట్టు, కింద నుంచి ముఖం మీదికి ఆకుపచ్చ లైటు, స్పీకరు పగిలిపోయేలా పకపక నవ్వు. ఈ సరంజామానంతా నిమిషంన్నర సేపు స్టేజి నడిమధ్యన నిలబెట్టి మరీ చూపిస్తారు. ప్రేక్షకుడికి అంత టైం అక్కర్లేదు. మేకప్ ఎక్కడ ఆగిపోయిందో, మెడ ఏ రంగులో ఉందో మూడు సెకన్లలో పసిగట్టేస్తాడు. ఇక మిగతా సమయమంతా అతను చూసేది రంగు పూసుకున్న మనిషినే.

అనుమానం పెనుభూతం అన్నారు. ఆ సామెతనే నేను పద్ధతిగా పెట్టుకున్నాను. అనుమానం మనం తయారుచేస్తే, దెయ్యాన్ని ప్రేక్షకుడు తనే తయారుచేసుకుంటాడు. తాడు పాములా కనిపించాలంటే రెండు కావాలి. వెలుతురు చాలకూడదు, చూసేవాడి మనసులో అప్పటికే పాము ఉండాలి. నాటకంలో ఈ రెండూ మన చేతిలోనే ఉంటాయి.

కావలసినవి

పెద్ద జాబితా ఏమీ లేదు. వెలుతురు పెంచి తగ్గించే డిమ్మర్లతో ఒక లైట్ బోర్డు. ఆరేడు లైట్లు, వెలుతురు పక్కలకి చిందకుండా రేకు తలుపులున్నవైతే మంచిది. స్టేజి వెడల్పుకి సరిపడా సన్నటి నెట్ తెర ఒకటి, దాని వెనక వేలాడదీయడానికి నల్లటి మందపాటి గుడ్డ. హాలు వెనక పెట్టడానికి రెండు చిన్న స్పీకర్లు. చీకట్లో మెరిసే టేపు. ఒక కుర్చీ. మనుషుల్లో లైట్లకొకరు, సౌండుకొకరు, ఏది ఎప్పుడు చేయాలో ఇద్దరికీ సైగ, అంటే క్యూ, ఇచ్చే స్టేజి మేనేజరు ఒకరు.

నెట్ తెర అనగానే దోమతెర గుడ్డ పనికొస్తుందా అని అడుగుతారు. రిహార్సల్‌కి పనికొస్తుంది. ప్రదర్శనకి మాత్రం నాటకాల కోసమే నేసే గాజ్ గుడ్డ, అందులో షార్క్‌టూత్ అనే రకం తెచ్చుకోండి. అల్లిక దట్టంగా ఉంటుంది కాబట్టి ముందు నుంచి వెలుతురు పడితే గోడలాగే కనిపిస్తుంది. పొగ మిషను రాయలేదేమిటి అంటారా? మరిచిపోయి కాదు. దాని సంగతి చివర్లో.

1. దెయ్యం ఎవరికి కనిపిస్తుందో ముందే తేల్చుకోండి

షేక్‌స్పియర్ 'హామ్లెట్' మొదటి అంకంలో హామ్లెట్ తండ్రి, అంటే చనిపోయిన రాజు, ప్రేతాత్మగా కాపలావాళ్లకు కూడా కనిపిస్తాడు. మూడో అంకంలో రాణి గదిలోకి వచ్చినప్పుడు మాత్రం హామ్లెట్ చూస్తాడు, పక్కనే ఉన్న తల్లి చూడదు. కొడుక్కి మతి పోయిందనుకుంటుంది. 'మాక్‌బెత్' విందులో, మాక్‌బెత్ చంపించిన బాంకో ప్రేతాత్మ అతనికి ఒక్కడికే కనిపిస్తుంది. అక్కడ కొందరు దర్శకులు నటుణ్ణి తెచ్చి కూర్చోబెడతారు, కొందరు కుర్చీని ఖాళీగా వదిలేస్తారు. నటుడు కూర్చుంటే మనం మాక్‌బెత్ తలకాయలో ఉన్నట్టు. కుర్చీ ఖాళీగా ఉంటే విందుకొచ్చిన అతిథుల మధ్య ఉన్నట్టు. డైలాగులు అవే, నాటకం వేరు.

నా నియమం ఇది: మొదటిసారి దెయ్యం ప్రేక్షకుడికి మాత్రమే కనిపించాలి. స్టేజి మీదున్న మనిషికి కనిపించకూడదు. అతను దీపం సరిచేసుకుంటూనో, ఉత్తరం చదువుకుంటూనో ఉండాలి. "వెనక్కి తిరిగి చూడరా బాబూ" అని నాలుగో వరసలోవాళ్లకి నోటిదాకా రావాలి. ఇంకో పద్ధతి ఉందంటారు. ఉండొచ్చు, నేను వాడను.

2. సెట్టు తక్కువ పెట్టండి

సాలెగూళ్లు, పుర్రెలు, విరిగిన మెట్లు వద్దు. తెర లేవగానే "ఇది దెయ్యాల కొంప" అని బోర్డు పెట్టినట్టు ఉంటుంది. మామూలు గది చాలు. లండన్‌లో 1989 నుంచి 2023 దాకా ఆడిన 'ది వుమన్ ఇన్ బ్లాక్' నాటకంలో ఉన్నది ప్రధానంగా ఇద్దరు నటులు. సామాన్లలో ముఖ్యమైనది ఒక పెద్ద పేము పెట్టె. ఆ పెట్టే గుర్రబ్బండి అవుతుంది, అదే మంచమూ అవుతుంది. అంతమాత్రంతో 13,000కి పైగా ప్రదర్శనలు వేశారు. ప్రేక్షకుడు పెట్టెను గుర్రబ్బండిగా ఊహించుకోవడానికి ఒప్పుకున్నాడంటే, తర్వాత చీకటి మూలలో లేనిదాన్ని ఊహించుకోవడానికి కూడా సిద్ధపడినట్టే.

ఒక తలుపు ఉండాలి, బెత్తెడు తెరిచి ఉండాలి, ఎందుకు తెరిచి ఉందో ఎవరూ మాట్లాడకూడదు. కుర్చీ ప్రేక్షకులకు వీపు పెట్టి ఉండాలి. నేలకి మెరుపు లేని నల్లరంగు వేయించండి. ఇది అలంకారం కోసం చెప్పడం లేదు. కింద అయిదో అంశంలో మీ పరువు కాపాడేది ఆ నేలే.

3. కళ్లను చీకటికి అలవాటు చేయండి

బయట వెలుతురులోంచి వచ్చినవాడి కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది. ఆ అరగంటా మనం వాడుకోవాలి. నాటకం మొదట్లో లైట్లు మామూలుగా ఉంచి, సీన్ సీన్‌కీ ఎవరికీ తెలియనంత నెమ్మదిగా తగ్గించుకుంటూ రండి. దెయ్యం వచ్చే వేళకి హాలు ఎంత చీకటిగా ఉందో ప్రేక్షకుడు గమనించి ఉండకూడదు.

మధ్యలో మెరుపు ఎఫెక్టు పెట్టకండి. ఒక్క మెరుపు మెరిస్తే అప్పటిదాకా చీకటికి అలవాటు పడిన కళ్లు మళ్లీ మొదటికొస్తాయి. ఇరవై నిమిషాల శ్రమ గంగలో కలిసినట్టే. సీన్‌కీ సీన్‌కీ మధ్య బ్లాక్‌అవుట్ ఇచ్చి, వెంటనే ఫుల్ లైటు వేసేవాళ్లదీ ఇదే తప్పు.

ఇంకొక విషయం. రాత్రిపూట ఒక మసక నక్షత్రాన్ని సూటిగా చూడండి, మాయమవుతుంది. కాస్త పక్కకి చూడండి, మళ్లీ కనిపిస్తుంది. మసక వెలుతురులో పనిచేసే కణాలు మన కంటిపొర నట్టనడుమ ఉండవు, దాని చుట్టూ ఉంటాయి. అందుకే చీకట్లో సూటిచూపు కంటే ఓరచూపు నయం. దెయ్యాన్ని స్టేజి మధ్యలో పెట్టొద్దని నేను మొత్తుకునేది ఇందుకే. అందరూ నటుణ్ణి చూస్తూ ఉండాలి, దెయ్యం వాళ్ల కంటి కొసలో ఉండాలి. అటు తిరిగి సూటిగా చూస్తే కొంచెం కరిగిపోయినట్టు అనిపించాలి. ఈ మాయకి కంటి నిర్మాణమే సరిపోతుంది, మిషన్లు అక్కర్లేదు. పైగా వెలుతురు తగ్గేకొద్దీ మన కంటికి ఎరుపు నల్లబడుతుంది, నీలం తేలుతుంది. కాబట్టి వెన్నెలకి నీలం ఫిల్టరే వేయండి. ఎర్ర లైటుతో భయపెట్టాలనుకునేవాళ్లు ఈ ఒక్క కారణంతోనైనా మానుకోవాలి.

చీకటి కోసం కొందరు చేసే ఒక పిచ్చిపని ఉంది, అది మాత్రం క్షమించలేను. బయటికి దారి చూపించే బోర్డుల మీద గుడ్డ కప్పేస్తారు. 1903 డిసెంబరు 30న షికాగోలోని ఇరోక్వా థియేటర్‌లో మధ్యాహ్నం ఆట జరుగుతుండగా ఒక లైటు నుంచి ఎగిరిన నిప్పురవ్వ తెరకి అంటుకుంది. బయటికి వెళ్లే తలుపులు కొన్ని పరదాల వెనక ఉన్నాయి, కొన్నిటికి తాళాలు వేసి ఉన్నాయి. 600 మందికి పైగా చనిపోయారు. ఆ బోర్డు వెలుగు మీ సీన్‌ని పాడుచేస్తోందంటే సీన్‌ని అవతలి మూలకి జరపండి. స్టేజి మెట్ల అంచులకు, స్టేజికి రెండు పక్కలా నటులు వేచి ఉండే వింగ్స్‌లో స్తంభాలకు మెరిసే టేపు అంటించండి. చీకట్లో పరిగెత్తే నటుడు కాలు విరగ్గొట్టుకుంటే అది భయానక రసం అనిపించుకోదు.

4. సౌండు: పెట్టడం కంటే తీసేయడం

తాటాకు చప్పుళ్లకు కుందేళ్లు బెదరవు. ఉరుములు, నక్కల ఊళలు, కిర్రుమనే తలుపు ప్రేక్షకుడు ఎప్పుడో అరిగించేసుకున్నాడు.

నేను చేసేది చెప్తాను. నాటకం మొదలయ్యే ముందు, జనం కుర్చీల్లో సర్దుకుంటున్నప్పుడే ఒక సన్నటి గుంయ్‌మనే శబ్దం మొదలుపెడతాను. ఫ్రిజ్జు చేసే చప్పుడులాంటిది. మైకు ముందు ఫ్రిజ్జు పెట్టి రికార్డు చేసుకున్నా చాలు. రెండు నిమిషాల్లో ఎవరి చెవులూ దాన్ని పట్టించుకోవు. గంటసేపు అలాగే నడవనిస్తాను. దెయ్యం కనిపించడానికి నాలుగు సెకన్ల ముందు దాన్ని టక్కున ఆపేస్తాను. అంతే. ఏం ఆగిందో ఎవరికీ తెలియదు, కానీ ఏదో మారిందని ఒంటికి తెలుస్తుంది. హాలంతా కిమ్మనదు. దగ్గు వచ్చేవాడు కూడా ఆపుకుంటాడు.

స్పీకర్లు స్టేజి పక్కన పెడితే వచ్చేది సినిమా సౌండు. చిన్న చిన్న శబ్దాల కోసం రెండింటిని చివరి వరస వెనక నేల మీద పెట్టండి. ఒక అడుగు చప్పుడు. కుర్చీ జరిగిన చప్పుడు. నాటకం మొత్తానికి రెండుసార్లకి మించి వాడకండి. మూడోసారి వాడితే జనం వెనక్కి తిరిగి స్పీకరు ఎక్కడుందా అని వెతుకుతారు.

జపాన్ కబుకీ నాటకాల్లో దెయ్యం వచ్చేటప్పుడు వేణువు, పెద్ద డోలు కలిపి వాయిస్తారు కదా, అక్కడ సౌండుతోనే భయం పుడుతుంది కదా అని ఒకాయన నాతో వాదించాడు. నిజమే. కానీ అక్కడ ఆ డోలు చప్పుడు వినగానే దెయ్యం వస్తోందని తరతరాలుగా ప్రేక్షకులకు తెలుసు. ఆ ఒప్పందం మీకూ మీ ప్రేక్షకులకూ మధ్య ఉంటే నిరభ్యంతరంగా వాయించండి.

5. దెయ్యాన్ని చూపించడం

ఇక అసలు పని. ఇప్పటిదాకా చెప్పినవి ఎవరైనా చేయగలరు. నాటకాలు చెడిపోయేది ఇక్కడే.

సూత్రం తేలిక. నెట్ తెరకి ముందు నుంచి వెలుతురు పడితే అది గోడ. ముందు వెలుతురు తగ్గి, తెర వెనకున్నదాని మీద వెలుతురు పడితే ఆ గోడ కరిగిపోయి వెనకున్నది కనిపిస్తుంది. సూత్రం తెలిసింది కదా అని ప్రదర్శన ముందురోజు సాయంత్రం తెర కట్టేవాళ్లు ఉన్నారు. నాలుగు రోజుల ముందు కట్టండి. ఎందుకంటే కింద చెప్పే ప్రతి తప్పూ మీరు కనీసం ఒక్కసారి చేస్తారు.

మొదట ముందు లైటు. దాన్ని హాలు వైపు నుంచి తెర మీదికి సూటిగా కొట్టకండి. సూటిగా కొడితే వెలుతురు చిల్లుల్లోంచి దూరి, వెనక నిలబడ్డ నటుడి మీద పడుతుంది. దెయ్యం రాకముందే దాని చెప్పులు కనిపిస్తాయి. లైటును తెరకి దగ్గరగా, పైనుంచి, గోడకి సున్నం వేసినట్టు తెర ఒంటినే రాసుకుంటూ కిందికి దిగేలా పెట్టండి. అప్పుడు చిల్లుల్లోంచి దూరిన కాస్త వెలుతురూ తెర వెనక రెండడుగుల్లోనే నేల మీద పడి చస్తుంది. నేల నున్నగా మెరుస్తూ ఉంటే చావదు, ఎగిరి నటుడి మీదికి వస్తుంది. మెరుపు లేని నల్లరంగు గురించి అంతగా చెప్పింది అందుకే.

నటుడు తెరకి కనీసం ఆరడుగుల వెనక ఉండాలి. నటుడి వెనక ఇంకో మూడడుగుల్లో నల్లగుడ్డ. దాన్ని మడతలు మడతలుగా వేలాడదీయండి, మడతల్లో వెలుతురు ఇంకిపోతుంది. ఆ గుడ్డ లేకపోతే దెయ్యంతో పాటు వెనక గోడ, గోడ మీద స్విచ్‌బోర్డు కూడా ప్రత్యక్షమవుతాయి. నా మొదటి నాటకంలో నిచ్చెన ప్రత్యక్షమైంది.

వెనక లైటు ఒక్కటే ఉండాలి, పక్క నుంచే రావాలి. ముఖంలో సగానికి మాత్రమే తగలాలి, తెరకి వెనక నుంచి తగలకూడదు. తగిలితే తెర మొత్తం మసకబారిన అద్దంలా వెలుగుతుంది, ట్రిక్కు బయటపడుతుంది. రేకు తలుపులు సన్నటి చీలికలా మూసి, కాగితం పట్టుకుని వెలుతురు ఎక్కడెక్కడ పడుతోందో అంగుళం అంగుళం చూసుకోండి.

ఈ వెనక లైటుకి నేను పాత హాలోజెన్ బల్బే వాడతాను. చవకరకం ఎల్‌ఈడీ బాగా తక్కువ స్థాయిలో సాఫీగా వెలగదు, మెట్లు ఎక్కినట్టు టక్ టక్‌మని పెరుగుతుంది. మన దెయ్యం బతికేదే ఆ అడుగు స్థాయిలో. హాలోజెన్‌కీ ఒక జబ్బు ఉంది, డిమ్ చేస్తే పసుపెక్కి ఎర్రబారుతుంది. నీలం ఫిల్టరు వేస్తే సర్దుకుంటుంది. సీన్ మొదలవగానే బల్బులో తీగ మాత్రం కొద్దిగా ఎర్రబడి, వెలుతురు బయటికి రానంతగా కరెంటు ఇచ్చి ఉంచండి. అప్పుడు పెంచేటప్పుడు గభాల్న వెలగదు.

దెయ్యం బట్టలు తెల్లవి వద్దు. తెలుపు ఉన్న వెలుతురంతా లాక్కుంటుంది, ముఖం చీకట్లో ఉండిపోతుంది, బట్టలు మాత్రం ఆరేసినట్టు కనిపిస్తాయి. బూడిదరంగు మంచిది. పాదాలు కనబడకుండా అంచు నేలమీద జీరాడేలా కుట్టించండి. ముఖానికి పౌడరు పూసి కళ్ల కింద నల్లగా గీస్తారు, అది కూడా వద్దు. ఉన్న ముఖమే ఉంచండి, మెరవకుండా ఉంటే చాలు.

ఇప్పుడు లెక్క. ఇది నా లెక్క, మీ హాలుని బట్టి అంకెలు మారతాయి, వరస మాత్రం మారకూడదు. నటుడు సీన్ మొదటి నుంచీ తెర వెనక చీకట్లో నిలబడే ఉంటాడు. మధ్యలో నడిచి రాకూడదు, నడిస్తే తెర కదులుతుంది. ముందు లైటు 40 శాతం దగ్గర ఉందనుకోండి. గుంయ్‌మనే శబ్దం ఆగుతుంది. నాలుగు లెక్కపెట్టండి. వెనక లైటును సున్నా నుంచి 15కి ఇరవై సెకన్లలో తీసుకురండి. పది సెకన్లు గడిచాక ముందు లైటును 40 నుంచి 25కి దింపడం మొదలుపెట్టండి. ముందు లైటు మొదట దింపితే తెర మీద ఏదో జరుగుతోందని అందరూ అటు తిరుగుతారు. దెయ్యం పూర్తిగా తేలాక ఏడు సెకన్లు ఆగండి. ఆ తర్వాత వెనక లైటును మూడు సెకన్లలో చంపేయండి.

ఏడు సెకన్లు చాలా తక్కువ అని ప్రతి నిర్మాతా అంటాడు. అంత కష్టపడి తెర కట్టింది ఏడు సెకన్ల కోసమా అని. అవును, ఏడు సెకన్ల కోసమే. హాలు వెనక నిలబడి చూస్తే అర్థమవుతుంది. అయిదో సెకనులో ఎడమవైపు వరసల్లో ఒకామె పక్కనున్న మనిషి చెయ్యి పట్టుకుంటుంది. అతను ఏమిటన్నట్టు ఆమెను చూసి, ఆమె చూపు వెంట స్టేజి వైపు తిరుగుతాడు. అతను తిరిగేసరికి అక్కడ ఏమీ ఉండదు. ఇప్పుడు చూసినామె ఒక రకంగా, చూడనాయన ఇంకో రకంగా ఇద్దరూ వణుకుతుంటారు. హాల్లో సగంమంది చూసి, సగంమంది చూడకపోవడమే మనకి కావలసింది. ఇంటర్వెల్లో "నువ్వు చూశావా" అని ఒకరినొకరు అడుగుతుంటే చెవులారా వినండి.

లైట్ బోర్డు దగ్గర కూర్చున్నవాడికి ఈ ఇరవై సెకన్లు ఇరవై ఏళ్లలా ఉంటాయి. నా దగ్గర ఒక మంచి కుర్రాడు ఉండేవాడు. రిహార్సల్లో తు.చ. తప్పకుండా చేసేవాడు. ప్రదర్శన రోజు హాలంతా నిశ్శబ్దమైపోయేసరికి టెన్షన్‌లో స్లైడరును మూడు సెకన్లలో పైకి తోసేశాడు. దెయ్యం బల్బు వేసినట్టు వెలిగింది. జనం నవ్వారు. అప్పటి నుంచి ఆ క్యూ వచ్చినప్పుడు నేనే వెళ్లి ఆపరేటరు వెనక నిలబడతాను. భుజం మీద వేలితో సెకనుకొకసారి మెల్లగా తడతాను. మెమరీ బోర్డులో టైమింగు ముందే పెట్టేసుకోవచ్చు కదా అంటారు. పెట్టుకోవచ్చు. కానీ స్టేజి మీద నటుడు డైలాగు రెండు సెకన్లు సాగదీస్తే మిషను ఆగదు, వేలు ఆగుతుంది.

ఆ ఇరవై సెకన్లలో సౌండు క్యూ ఏదీ ఉండకూడదు. ఒక్కటి కూడా. ఒకసారి నేను ఆశపడి, దెయ్యం తేలేటప్పుడు చిన్న మూలుగు పెట్టాను. అందరూ మూలుగు వచ్చిన వైపు తలతిప్పారు, దెయ్యం పాపం ఇటువైపు ఒంటరిగా వచ్చి వెళ్లిపోయింది.

ఇంకా ఉన్నాయి. హాల్లో ఫ్యాన్ గాలికి తెర ఊగితే గోడ ఊగినట్టు ఉంటుంది. తెర అడుగున ఇనుప గొట్టం దూర్చండి, స్టేజికి దగ్గరలో ఉన్న ఫ్యాన్లు ఆపించండి. తెరకి అతుకు పెట్టకండి, ఆ అతుకు గీతలా వెలుగుతుంది. స్టేజి ముందు భాగంలో పనిచేసుకుంటున్న నటుడి మీద పడే లైటు తెర మీదికి చిందుతోందో లేదో చూసుకోండి. చిందిందంటే అతని నీడ "గోడ" మీద పడుతుంది. అప్పుడు జనం చూసే దెయ్యం అదే. చివరిగా, అన్నీ సరిచూసుకున్నాక హాల్లో మొదటి వరస కొసల్లో రెండువైపులా కూర్చుని మళ్లీ చూడండి. మధ్య సీట్లోంచి చూసి తృప్తిపడిన దర్శకులకి పక్క సీట్లవాళ్లు మొత్తం గుట్టు చూసేశారని తర్వాతెప్పుడో తెలుస్తుంది.

పాతకాలం మిషన్ల గురించి ఒక మాట

ఇంత తంటా ఎందుకు, అద్దం పెడితే పోలా అనేవాళ్లున్నారు. 1862 క్రిస్మస్ ముందురోజున లండన్ రాయల్ పాలిటెక్నిక్‌లో జాన్ హెన్రీ పెప్పర్ చూపించిన పద్ధతి అది. మొదటి ఆలోచన హెన్రీ డిర్క్స్‌ది, పేరు మాత్రం పెప్పర్‌కే దక్కింది. స్టేజికీ జనానికీ మధ్య పెద్ద గాజు పలకను ఏటవాలుగా నిలబెడతారు. స్టేజి ముందు గోతిలో దాక్కున్న నటుడి మీద గట్టి వెలుతురు వేస్తే, గాజులో అతని ప్రతిబింబం స్టేజి మీద నడుస్తున్నట్టు ఉంటుంది, వెనకున్న సామాను దానిలోంచి కనిపిస్తుంది. అద్భుతమే. కానీ గాజు వెనకున్న నటుల మాటలు హాల్లోకి సరిగ్గా వినిపించవు. దెయ్యం ఎక్కడుందో వాళ్లకే కనిపించదు కాబట్టి గాల్లో కత్తి దూస్తూ అంచనాగా నటించాలి. అంతకు పదేళ్ల ముందు, 1852లో, చార్ల్స్ కీన్ అనే నటుడు 'ది కోర్సికన్ బ్రదర్స్' నాటకం కోసం స్టేజి కింద వాలుగా పట్టాలు వేయించాడు. వాటి మీద చిన్న బండిలో నిలబడ్డ నటుడు నేలలోంచి మెల్లగా పైకి లేస్తూ స్టేజికి అడ్డంగా జారిపోయేవాడు. దాన్ని నేను మనసారా మెచ్చుకుంటాను, ఎందుకంటే అందులో నడక లేదు. దెయ్యాన్ని పట్టిచ్చేది నడకే.

నడిపించక తప్పని సీన్ ఉంటే జపాన్ సంప్రదాయ నాటకాలైన 'నో' నాటకాల నటుల్ని చూడండి. వాళ్లు పాదం నేలనుంచి ఎత్తకుండా జార్చుకుంటూ నడుస్తారు, తల ఎత్తూ పల్లమూ లేకుండా సాగిపోతుంది. మీ నటుడి తలమీద పుస్తకం పెట్టి నెలరోజులు అలా నడిపించండి. ప్రొజెక్టరుతో దెయ్యాన్ని వేస్తామనేవాళ్లకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. సినిమా తీసుకోండి.

6. బతికున్నవాళ్లతో పని

దెయ్యాన్ని చూసిన పాత్ర కెవ్వున అరిస్తే ప్రేక్షకుడి భయం ఆ అరుపుతో పాటే బయటికి పోతుంది. అరుపు ఆపించండి. నో నాటకాల్లో ఒక రకం ఉంది. మొదటి సగంలో మామూలు పల్లెటూరి మనిషిగా వచ్చి పాత కథ చెప్పినవాడే, రెండో సగంలో ఆ కథలోని ఆత్మగా తిరిగొస్తాడు. మొదటి సగంలో గుండెలు బాదుకోవడాలు ఉండవు. అయినా అతను వెళ్లిపోతుంటే వెన్నులోంచి చలి పుడుతుంది.

మీ నటుడికి ఒక చిన్న పని ఇవ్వండి. టీ కప్పు సాసర్లో పెట్టడం చాలు. మొదటి అంకంలో మామూలుగా పెడతాడు. దెయ్యాన్ని చూశాక కూడా అలాగే పెట్టబోతాడు, కప్పు సాసరుకి తగిలి సన్నగా గలగలమంటుంది. రెండో చేత్తో పట్టుకుని ఆపుతాడు. ఆ గలగల చివరి వరసకి వినిపించాలి. దాని కోసమే అంత నిశ్శబ్దం తయారుచేసుకున్నాం.

7. పొగ

వేయకండి. వేసి తీరాలంటే హేజ్ అనే పల్చటి పొగ వేయండి, అదీ నెట్ తెర ఉన్న సీన్లో వద్దు. గాల్లో పొగ ఉంటే ప్రతి లైటు దారీ గీత గీసినట్టు కనిపిస్తుంది, మీరు రహస్యంగా పెట్టిన పక్క లైటును వేలుపెట్టి చూపిస్తుంది. డ్రై ఐస్ వాడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. అది సున్నాకి దిగువన 78 డిగ్రీల చల్లదనంలో ఉండే కార్బన్ డయాక్సైడు, వట్టి చేత్తో ముట్టుకుంటే చర్మం కాలినట్టు ఊడుతుంది. ఆ వాయువు గాలికంటే బరువు, పల్లానికి దిగుతుంది. స్టేజి కింద గదిలో ఎవరైనా ఉంటే వాళ్లకి ఊపిరాడదు. గాలి ఆడేలా చూసుకుని, కింద ఎవరూ లేరని ఖాయం చేసుకున్నాకే వదలండి.

8. ఆట అయ్యాక

దెయ్యం వేసినవాళ్లను చివర్లో నమస్కారాలకి తీసుకురాకండి. నటులకి ఇది బాధే, చప్పట్లు ఎవరికి చేదు? ముందే చెప్పి ఒప్పించండి. మేకప్ తీసేసి వెనక గుమ్మంలోంచి వెళ్లిపోవాలి, జనంలో కలవకూడదు. హాలు లైట్లు ఒక్కసారిగా వేయకుండా నిమిషం తీసుకుని పెంచండి. గుంయ్‌మనే ఆ శబ్దాన్ని, జనం లేచి నిలబడ్డాక, మళ్లీ మొదలుపెట్టండి. పట్టించుకునేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్లు నడక వేగం పెంచుతారు.

నెట్ తెరను మడతపెట్టకండి. ఇద్దరు చెరోవైపు పట్టుకుని పొడుగాటి గొట్టానికి చుట్టండి. మడత గీత పడితే ఇస్త్రీకి కూడా లొంగదు, మర్నాటి ఆటలో మీ గోడకి బీట కొట్టినట్టు నిలువునా కనిపిస్తుంది.